"మా సైట్ ఎలా ఉంది?" అని అడగడం మానేయండి: అపోహలు - వాస్తవాలు

పచ్చళ్ళు, చేనేత చీరలు అమ్మే చిన్న చిన్న సైట్లను బాగు చేయడం నా పని. ఓనర్లు దాదాపు అందరూ ఇవే మాటలు చెబుతారు కాబట్టి ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: ఫ్యామిలీ గ్రూప్‌లో లింక్ పెట్టాం, అందరూ సూపర్ అన్నారు.

వాస్తవం: పిన్నిగారు సూపర్ అన్నది మీ మీద ప్రేమతో. ఆవిడ అందులో ఏమైనా కొన్నారా? మీ షాపు గురించి ఏమాత్రం తెలియని మనిషిని పట్టుకుని, "మీ ఫోన్‌లోనే ఈ సైట్ తెరిచి, అర కిలో గోంగూర పచ్చడి హన్మకొండలో ఉన్న మీ అక్కకి పంపండి" అని ఒక పని చెప్పండి. ఆ తర్వాత మాట్లాడకుండా కూర్చోవాలి. అసలు కష్టం ఇదే, ఎందుకంటే ఆ మనిషి బటన్ కనబడక పైకీ కిందకీ జరుపుతుంటే "కింద ఉందండీ" అనకుండా మనకి నోరు ఊరుకోదు, అన్నామంటే టెస్ట్ అక్కడితో పాడైనట్టే, రేపు నిజంగా కొనేవాళ్ళ పక్కన మీరు కూర్చుని చెప్పరు కదా. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు, డెలివరీ ఛార్జీ కనబడగానే ఏమన్నారు, ఇవి రాసుకోండి. చివర్లో "మీకు నచ్చిందా?" అని మాత్రం అడగకండి, నచ్చిందనే అంటారు.

అపోహ: వందమందిని అడిగితేగానీ ఏదీ తేలదు.

వాస్తవం: వెబ్‌సైట్ల వాడకం మీద పనిచేసిన జేకబ్ నీల్సన్ 2000లోనే ఐదుగురు చాలన్నాడు, ఐదుగురితో సుమారు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని ఆయన లెక్క. ఆ అంకె ప్రతి సైట్‌కీ అచ్చంగా సరిపోదు. కానీ ముగ్గురు ఒకేచోట ఆగిపోతే నాలుగో మనిషి దాకా ఎందుకు, ముందు అది సరిచేసి, తర్వాత కొత్తవాళ్ళకి చూపించండి.

అపోహ: డిజైన్ పాతగా ఉంది, అందుకే కొనట్లేదు.

వాస్తవం: ఓనర్లు లోగో సైజు గురించి గంటసేపు మాట్లాడతారు, కొనేవాళ్ళు దాని ఊసే ఎత్తరు. చీర పట్టా కాటనా, బ్లౌజ్ పీస్ ఉందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా, వాళ్ళ గొడవంతా ఇదే. ఆన్‌లైన్ షాపుల వాడకం మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల ప్రకారం ఆన్‌లైన్ కార్ట్‌లలో సగటున 70 శాతం దాకా కొనకుండానే వదిలేస్తున్నారు, ఊరికే చూసి పోయేవాళ్ళని పక్కన పెడితే ఎక్కువమంది చెప్పే కారణం చివర్లో కలిసే అదనపు ఛార్జీలు. మన దగ్గర 2020 ఈ-కామర్స్ నియమాలు కూడా మొత్తం ధరనీ, అందులో కలిసిన ఛార్జీలనీ విడివిడిగా చూపించమనీ, రిటర్న్, రీఫండ్ వివరాలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు పెట్టమనీ అంటున్నాయి.

అపోహ: సైట్ వాడి చూసినవాళ్ళు చెప్పినవన్నీ మార్చాలి.

వాస్తవం: ఇబ్బంది ఎక్కడుందో వాళ్ళ మాట నమ్మండి, దానికి మందేమిటో మీరే తేల్చుకోండి. "ఇక్కడ వీడియో పెట్టండి" అన్నారంటే బహుశా ఫోటోలో నేత కనబడలేదేమో.

అపోహ: బయటి అభిప్రాయం కావాలంటే డబ్బు పెట్టాలి.

వాస్తవం: మీ వాట్సాప్ తెరవండి. "కారం ఎక్కువా?", "వైజాగ్‌కి ఎన్ని రోజులు?" అని మళ్ళీ మళ్ళీ వస్తున్నాయంటే ఆ జవాబు సైట్‌లో లేదు, లేదా ఉన్నా కనబడట్లేదు. ఇక "మీ సైట్‌లో బోలెడు తప్పులున్నాయి, ఫ్రీ ఆడిట్ చేస్తాం" అని వచ్చే మెయిళ్ళు చాలావరకు ఏదో టూల్ విదిల్చిన రిపోర్టులే. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో స్పీడ్ సంగతి మీరే ఉచితంగా చూసుకోవచ్చు, ఆ మెయిళ్ళు పంపినవాళ్ళకి అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి.