కన్సోల్ గేమింగ్‌కి రౌటర్ అడ్డం పడితే: అపోహలు - వాస్తవాలు

స్పీడ్ టెస్టులో 200 ఎంబీపీఎస్ వస్తుంది, టీవీలో సినిమా ఎక్కడా ఆగదు. కానీ పీఎస్5లో ఫ్రెండ్ పిలిస్తే పార్టీలో (స్నేహితుల గుంపు కాల్‌లో) చేరలేరు, చేరినా నలుగురిలో ఒకరి మాట మాత్రం వినపడదు, లాబీ (మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లు చేరే గది) కోసం పది నిమిషాలు ఎదురుచూడాలి. ఈ ఫిర్యాదు వెనక రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకటి తలుపుది: బయటివాళ్లు మీ కన్సోల్ దాకా రాగలరా లేదా. రెండోది దారిది: వచ్చిన ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, సమయానికి వస్తున్నాయా లేదా. తలుపు జబ్బుకి దారి మందు వేయడం వల్లే చాలామంది డబ్బు వృథా అవుతోంది.

అపోహ: పెద్ద ప్లాన్‌కి మారితే సరిపోతుంది.

ఎక్స్‌బాక్స్‌లో ఆన్‌లైన్ ఆటకి మైక్రోసాఫ్ట్ అడిగేది 3 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 0.5 ఎంబీపీఎస్ అప్‌లోడ్, 150 మిల్లీసెకన్ల లోపు పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం). అంతే. స్పీడు ఉపయోగపడేది గేమ్ దింపుకోవడానికి: 100 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైన్‌లో దిగడానికి రెండుంబావు గంటలు పడుతుంది, 300 అయితే ముప్పావుగంట. ప్లాన్ మార్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదు.

అపోహ: నాట్ టైప్ 3 అంటే నెట్ స్లో అని అర్థం. టైప్ 1 తెచ్చుకుంటే పింగ్ తగ్గుతుంది.

నాట్ అంటే ఇంటి పరికరాలన్నీ ఒకే బయటి అడ్రస్ పంచుకునేలా రౌటర్ చేసే ఏర్పాటు. ఆ తలుపు ఎంత తెరిచి ఉందో చెప్పేదే నాట్ టైప్: ప్లేస్టేషన్‌లో 1, 2, 3, ఎక్స్‌బాక్స్‌లో ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్. దానికి, పింగ్‌కి సంబంధం లేదు. ఇంట్లో పది పరికరాలు ఉన్నా బయటికి కనిపించే అడ్రస్ ఒక్కటే. లోపలి నుంచి ఎవరు ఎవరిని పలకరించారో రౌటర్ రాసిపెట్టుకుని, జవాబు వచ్చినప్పుడు ఆ పరికరానికే అందిస్తుంది. మీరు పిలవకుండా బయటినుంచి ఎవరైనా వస్తే, ఎవరికోసం వచ్చారో తెలియక అక్కడే ఆపేస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేసే పనే ఇది.

అందుకే గేమ్ కంపెనీ సొంత సర్వర్‌లో నడిచే మ్యాచ్ టైప్ 3లో కూడా సాఫీగానే సాగుతుంది. అక్కడ ముందు పలకరించేది మీ కన్సోలే కదా. దెబ్బ తగిలేది ఆటగాళ్లు ఒకరికొకరు నేరుగా కలవాల్సిన చోట: వాయిస్ పార్టీ, ఒక ఆటగాడి కన్సోలే హోస్ట్‌గా ఉండే ఆటలు, స్నేహితుల ప్రైవేట్ రూములు. ఎక్స్‌బాక్స్ భాషలో ఓపెన్ ఉన్నవాళ్లు అందరితో కలవగలరు. మోడరేట్ వాళ్లు ఓపెన్, మోడరేట్ వాళ్లతో కలుస్తారు. స్ట్రిక్ట్ వాళ్లకి ఓపెన్ వాళ్లే దిక్కు. నలుగురిలో ఒకరి గొంతే వినపడకపోవడం ఈ లెక్క వల్లే.

ప్లేస్టేషన్‌లో టైప్ 1 అంటే మధ్యలో రౌటర్ లేకుండా కన్సోల్ నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించి ఉందని. ఇంట్లో రౌటర్ ఉన్నవాళ్లకి టైప్ 2 వస్తే చాలు, ఆపైన తాపత్రయం అనవసరం. నింటెండో స్విచ్‌లో ఏ, బీ వస్తే నిశ్చింత. చూసుకునే చోటు: పీఎస్5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్, టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్. ఎక్స్‌బాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్, నెట్‌వర్క్ సెట్టింగ్స్, టెస్ట్ నాట్ టైప్.

అపోహ: పోర్ట్ ఫార్వర్డింగ్ చేస్తే ఎవరికైనా నాట్ ఓపెన్ అవుతుంది.

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఫలానా పోర్టుకి, అంటే తలుపు నంబరుకి, వచ్చేవాళ్లని ఫలానా పరికరానికి పంపమని రౌటర్‌కి రాసిపెట్టడం. వీడియోలు చూసి గంటలకొద్దీ పోర్టు నంబర్లు కొట్టే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. రౌటర్ పేజీ తెరవండి. అడ్రస్, పాస్‌వర్డ్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి, ఎక్కువగా 192.168.1.1. స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) అని ఉన్న అంకెలు రాసుకోండి. తర్వాత అదే నెట్ మీద ఉన్న ఫోన్‌లో "నా ఐపీ ఎంత" అని వెతికి, వచ్చిన అంకెలతో పోల్చండి. వెతికినప్పుడు అక్షరాలు కలిసిన పొడవాటి అడ్రస్ వస్తే అది ఐపీవీ6. మీరు పోల్చాల్సింది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల ఐపీవీ4.

రెండూ ఒకటే అయితే తలుపు మీ చేతిలోనే ఉంది. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే మీ ఇంటి రౌటర్‌కి అవతల నెట్ కంపెనీ దగ్గర ఇంకో పెద్ద రౌటర్ ఉంది, వందల ఇళ్లు ఒకే పబ్లిక్ అడ్రస్ పంచుకుంటున్నాయి. మీ ఫ్లాట్ తలుపు బార్లా తెరిచినా కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరినీ వదలడు. అక్కడ మీరు రాసే ఏ పోర్ట్ రూలూ పనిచేయదు. 10తో మొదలయ్యే అంకెలు కనిపించినా చాలాసార్లు ఇదే కథ.

ఇందులో మోసం ఏమీ లేదు. ఐపీవీ4లో ఉన్న మొత్తం అడ్రసులే సుమారు 429 కోట్లు. ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. 100.64 వరసని ప్రత్యేకంగా ఈ పంపకం కోసమే 2012లో కేటాయించారు.

మరి చేయాల్సింది? కస్టమర్ కేర్‌కి "నాట్ ఓపెన్ చేయండి" అంటే వాళ్లు రౌటర్ రీస్టార్ట్ చేయమంటారు. "నాకు సీజీనాట్ వద్దు, పబ్లిక్ ఐపీ కావాలి" అని ఆ మాటల్లోనే అడగండి. స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రస్, అయితే సాధారణంగా విడిగా డబ్బు కట్టాలి. గేమింగ్‌కి స్టాటికే కానక్కర్లేదు, మారుతూ ఉండే పబ్లిక్ ఐపీ అయినా సరిపోతుంది. కాబట్టి ముందు అది ఇస్తారేమో కనుక్కోండి. లోకల్ కేబుల్ ఆపరేటర్ ద్వారా తీసుకున్న కనెక్షన్ అయితే ఆయన దగ్గర పనవుతుందేమో కూడా అడిగి చూడండి. ఈలోగా రౌటర్‌లో ఐపీవీ6 ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి. ఎక్స్‌బాక్స్ దాన్ని వాడుకోగలదు, అవతలివాళ్లకీ ఐపీవీ6 ఉంటే సీజీనాట్ ఊసే లేకుండా కలుస్తారు.

అపోహ: నెట్ వాళ్ల డబ్బా మంచిది కాదు, దానికి ఖరీదైన గేమింగ్ రౌటర్ తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి.

తరచుగా ఇక్కడే కొత్త సమస్య మొదలవుతుంది. ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ డబ్బా కూడా చాలా ఇళ్లలో రౌటరే. దాని లాన్ పోర్టులోంచి (ఇంటి పరికరాల వైపు) తీసిన వైరు కొత్త రౌటర్ వాన్ పోర్టులో (నెట్ వచ్చే వైపు) పెడితే ఒకదాని వెనక ఒకటి రెండు నాట్‌లు అవుతాయి. ఎక్స్‌బాక్స్ అయితే "డబుల్ నాట్" అని మొహం మీదే చెబుతుంది, ప్లేస్టేషన్ మాత్రం చాలాసార్లు టైప్ 3 చూపించి ఊరుకుంటుంది. కొత్త రౌటర్ వాన్ ఐపీ 192.168తో మొదలైతే ఇక అనుమానం అక్కర్లేదు. పైన సీజీనాట్ కూడా ఉంటే మూడు గేట్లు.

దీనికి రెండు దారులు. మొదటిది ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి (నాట్ చేయకుండా లైన్‌ని మాత్రమే దాటించేలా) మార్చి, లాగిన్ బాధ్యత కొత్త రౌటర్‌కి అప్పగించడం. అందుకు పీపీపీఓఈ (నెట్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ (లైన్‌కి నెట్ కంపెనీ పెట్టే గుర్తు) కావాలి. మూడూ నెట్ వాళ్ల దగ్గర తీసుకుని కాగితం మీద రాసుకున్నాకే మోడ్ మార్చండి. లాండ్‌లైన్ ఫోన్ ఓఎన్‌టీకే ఉంటే ఇంటర్నెట్ కనెక్షన్‌ని మాత్రమే బ్రిడ్జ్ చేయమనండి, లేకపోతే ఫోన్ మూగబోతుంది.

రెండోది మా ఉద్దేశంలో చాలా ఇళ్లకి తేలిక: కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే పంచేలా) పెట్టడం. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే దాని అడ్రస్‌ని 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆఫ్ చేసి, ఓఎన్‌టీ నుంచి వచ్చే వైరుని వాన్‌లో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. ఓఎన్‌టీ అడ్రస్ 192.168.1.1 అయితే ఈ లెక్క, వేరేదైతే దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఓఎన్‌టీ పంచే అడ్రసుల వరుసని కూడా 192.168.1.10 నుంచి మొదలయ్యేలా పెట్టండి, లేకపోతే అదే .2ని ఏ ఫోన్‌కో ఇచ్చేస్తుంది.

ఒక హెచ్చరిక: ఏం తోచక ఓఎన్‌టీ వెనక రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయకండి. లాగిన్ వివరాలు, వీలాన్ చెరిగిపోతే లైన్‌మన్ వచ్చేదాకా ఇంట్లో నెట్టే ఉండదు. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు.

అపోహ: పోర్టులు ఒకసారి తెరిస్తే శాశ్వతం.

"నిన్నటిదాకా బాగానే ఉంది, కరెంటు పోయి వచ్చాక పాడైంది" అనేదానికి మూలం ఇక్కడుంది. పోర్ట్ రూల్ 192.168.1.5కి రాశారు. కరెంటు వచ్చాక ఆ 5 అన్నయ్య ఫోన్‌కి వెళ్లింది, కన్సోల్‌కి 9 వచ్చింది. రూల్ ఇంకా 5నే పట్టుకుని కూర్చుంది.

కాబట్టి ముందు రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో కన్సోల్ మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) ఒక ఐపీ రిజర్వ్ చేయండి, పోర్టుల సంగతి ఆ తర్వాతే. కన్సోల్‌లో వైఫైకి ఒక మ్యాక్, లాన్‌కి ఇంకో మ్యాక్ ఉంటాయి. వైఫై మ్యాక్‌తో రిజర్వ్ చేసి తర్వాత కేబుల్‌కి మారితే కథ మళ్లీ మొదటికే.

పోర్టులు ఇవి; టీసీపీ, యూడీపీ అంటే డేటా పంపే రెండు పద్ధతులు. ప్లేస్టేషన్‌కి టీసీపీ 3478 నుంచి 3480, యూడీపీ 3478, 3479. జాబితాల్లో 80, 443 కూడా ఉంటాయి కానీ వాటిని లోపలికి ఫార్వర్డ్ చేయనక్కర్లేదు. ఆ నంబర్లు తమ సొంత పేజీకి వాడుకునే రౌటర్లు ఒప్పుకోవు కూడా. ఎక్స్‌బాక్స్‌కి ముఖ్యమైనది 3074, టీసీపీ, యూడీపీ రెండూ. ఆపైన యూడీపీ 88, 500, 3544, 4500.

ఒకే ఇంట్లో రెండు ఎక్స్‌బాక్స్‌లు ఉంటే 3074ని ఇద్దరికీ రాయలేరు, ఒక పోర్టు ఒక్క పరికరానికే వెళ్తుంది. రెండోదాంట్లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆల్టర్నేట్ పోర్ట్ సెలెక్షన్‌లో వేరే పోర్టు ఎంచుకుని, రౌటర్‌లో దానికి ఇంకో రూల్ రాయండి.

అపోహ: యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఇల్లు హ్యాకర్లకి అప్పగించినట్టే.

యూపీఎన్‌పీ అంటే కన్సోల్ తనకి కావాల్సిన పోర్టుని తనే రౌటర్‌ని అడిగి తెరిపించుకోవడం. భయంలో కొంత నిజముంది: కన్సోల్ అడిగినట్టే ఇంట్లోని చవక సీసీ కెమెరా కూడా అడగగలదు, రౌటర్ ఇచ్చేస్తుంది. ఇంట్లో అలాంటి కెమెరాలు, ఊరూ పేరూ లేని స్మార్ట్ ప్లగ్గులు ఉంటే ఆఫ్ చేసి చేత్తో పోర్టులు రాసుకోండి. లేకపోతే యూపీఎన్‌పీనే సులువు, రెండు మూడు కన్సోల్స్ ఉన్న ఇంటికి మరీను. రెండు పద్ధతులూ ఒకే పోర్టు మీద కలిపి వాడొద్దు, రూల్స్ తన్నుకుంటాయి.

ఆన్‌లో ఉన్నా పనిచేయకపోతే పాత ఎంట్రీలు ఇరుక్కుని ఉండొచ్చు. కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆపండి. ఎక్స్‌బాక్స్ అయితే పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. తర్వాత రౌటర్ ఆపి ఆన్ చేసి, నెట్ వచ్చాక కన్సోల్ ఆన్ చేయండి. ఈ వరస తప్పితే ఫలితం ఉండకపోవచ్చు.

డీఎంజెడ్ (అన్ని పోర్టులూ ఒకే పరికరానికి తెరిచేయడం) గురించి ఒక్క మాట: కన్సోల్ ఒక్కదాన్నే అందులో పెట్టడం చివరి ప్రయత్నంగా పర్వాలేదు. ఐపీ రిజర్వ్ చేయకుండా పెడితే మాత్రం రేపు ఆ స్థానంలోకి నాన్నగారి ల్యాప్‌టాప్ వచ్చి కూర్చుంటుంది.

అపోహ: నాట్ ఓపెన్ అయ్యాక కూడా ల్యాగ్ వస్తోందంటే కంపెనీ సర్వర్లదే తప్పు.

ఇది దారి జబ్బు. కంపెనీని తిట్టేముందు ల్యాప్‌టాప్‌ని కన్సోల్ ఉన్న చోటే వైఫైకి కలిపి రౌటర్ అడ్రస్‌కే పింగ్ పెట్టి చూడండి. ఒకటి నుంచి ఐదు మిల్లీసెకన్లు ఉంటే బాగున్నట్టు. మధ్యమధ్య 80, 150కి ఎగిరితే దోషం మీ హాల్లోనే ఉంది. ఐదు గీతలు నిండుగా కనిపించడం సిగ్నల్ బలం మాత్రమే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ల వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకటి, ఆరు, పదకొండు ఛానెళ్ల మీద తోసుకుంటుంటే గీతలు నిండుగా ఉన్నా ప్యాకెట్లు వరసలో నిలబడాలి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. 2013 నాటి మొదటి పీఎస్4కి ఆ సౌకర్యం లేదు, దానికి కేబులే గతి.

కేబుల్ అంటే క్యాట్5ఈ చాలు, 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోస్తుంది. క్యాట్8 కొంటే పింగ్ తగ్గదు. కొనేటప్పుడు చూడాల్సింది పూర్తి రాగి తీగా కాదా అని. ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేసి వెళ్లే పనివాళ్లూ ఉన్నారు, అప్పుడు లింక్ 100 ఎంబీపీఎస్ దాటదు.

రౌటర్ దాకా పింగ్ బాగుంటే గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టి, ఫోన్‌లోంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కించండి. 20 ఉన్నది 300కి వెళ్తే అప్‌లోడ్ క్యూ నిండిపోతోందని అర్థం. పెళ్లి ఫొటోలు ఫోన్‌లోంచి బ్యాకప్ అవుతున్నంతసేపూ ఆట ఎందుకు కుంటుతుందో ఇదే చెబుతుంది. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూని అదుపులో పెట్టే సదుపాయం) ఉంటే అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులని అసలు స్పీడులో 85-90 శాతానికి పెట్టండి. క్యూ నెట్ వాళ్ల పెట్టెలో పేరుకోకుండా మీ రౌటర్ అదుపులో ఉంటుంది. కాస్త స్పీడు పోతుంది, పోనివ్వండి.

అపోహ: డీఎన్ఎస్ మారిస్తే పింగ్ సగానికి పడిపోతుంది.

డీఎన్ఎస్ పని పేరుకి అడ్రస్ వెతికిపెట్టడం వరకే, మ్యాచ్ మొదలయ్యాక దానికి ఆటలో పాత్ర లేదు. పింగ్‌కి నేల మీద ఒక హద్దుంది: ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 3,300 కిలోమీటర్లు, రానూపోనూ 33 మిల్లీసెకన్లు దూరానికే ఖర్చు. సముద్రపు కేబుళ్లు గీత గీసినట్టు పోవు కాబట్టి నిజంగా చూసేది అంతకంటే బాగా ఎక్కువ. గేమ్‌లో సర్వర్ రీజియన్ ఎంచుకునే వీలుంటే, ముంబై కనిపిస్తున్నా సింగపూర్ మీదే ఉండిపోయిందేమో ఒకసారి చూసుకోండి.