ధనుష్కోటి రైలు మార్గం: అపోహలు – వాస్తవాలు

రైల్వే వంతెనల నిర్వహణలో చాలా ఏళ్లు పనిచేశాను. రామేశ్వరం వెళ్లొచ్చినవాళ్లు ఎక్కడ కలిసినా, ఆ ద్వీపాన్ని మన ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ రైలు వంతెన గురించే అడుగుతారు. మాట కలిపితే, వాళ్లు అప్పటికే విన్నదాంట్లో సగం తప్పుగా ఉంటుంది. ముఖ్యంగా 1964 తుపాను సంగతి. ఒక్క రైల్లోనే వందమందికి పైగా ప్రాణాలు పోయిన సంఘటనను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటే మనసు ఒప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఒకప్పుడు మద్రాసులో రైలెక్కితే అదే రైలు సముద్రం దాటి కొలంబో చేర్చేది.

మద్రాసు నుంచి కొలంబో దాకా ఒకే టికెట్ ఇచ్చేవారు. ఈ మాట పుట్టింది అక్కడే. మద్రాసు ఎగ్మూరు స్టేషన్‌లో బయల్దేరిన బోట్ మెయిల్ రైలు, రామేశ్వరం ద్వీపం చివరన ఉన్న ధనుష్కోటి రేవు దగ్గర ఆగిపోయేది. అక్కడ సామాను దించుకుని స్టీమర్ ఎక్కాలి. సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటి అవతలి ఒడ్డున తలైమన్నార్‌లో దిగితే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రైలు సిద్ధంగా ఉండేది. 1914లో ఈ ఏర్పాటు మొదలైంది. అంతకుముందు తూత్తుకుడి నుంచి ఓడలో వెళ్లేవారు. ఆ సముద్ర ప్రయాణం దీనికన్నా చాలా ఎక్కువ.

రామసేతు దిబ్బల మీదుగా పట్టాలు వేయాలన్న ఆలోచన బ్రిటిష్ కాలంలో నిజంగానే ఉండేది. ఖర్చు చూసి వదిలేశారు. ఒకవేళ వేసి ఉన్నా మన బండి అవతల నడిచేది కాదు. అప్పట్లో మన వైపు మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు. సిలోన్ వైపు బ్రాడ్ గేజ్, 1,676 మిల్లీమీటర్లు.

అపోహ: ఇది రామేశ్వరం యాత్రికుల కోసం వేసిన లైను.

యాత్రికులకు బాగా ఉపయోగపడిన మాట నిజమే. కానీ అసలు లైను పాంబన్ నుంచి ధనుష్కోటికి. రామేశ్వరానికి వెళ్లేది పాంబన్ దగ్గర చీలిన బ్రాంచి లైను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అబ్దుల్ కలాం గారు చిన్నపిల్లాడు. అప్పుడు ఆగకుండా వెళ్లే రైల్లోంచి పేపర్ల కట్టలు విసిరేస్తే ఆయన ఏరుకుని పంచేవారు. ఆ కట్టలు పడింది ధనుష్కోటి వెళ్లే ఈ లైను మీదే.

లైను ఎందుకు వేశారో తెలియాలంటే గుడి వైపు కాదు, వంతెనకు ప్రధాన భూభాగం వైపున్న మండపం అనే ఊరి వైపు చూడాలి. సిలోన్ తోటల్లో పనికి వెళ్లే కూలీలను అక్కడి క్యాంపులో ఆపి, ఆరోగ్య పరీక్షలు చేసి, క్వారంటైన్‌లో ఉంచి పంపేవారు. మన గడ్డ మీదే ఉన్నా ఆ క్యాంపును నడిపింది సిలోన్ ప్రభుత్వం. ఎన్నో తమిళ కుటుంబాలు పొట్ట చేతబట్టుకుని ఆ దారినే వెళ్లాయి. 1980ల్లో యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన శ్రీలంక తమిళ శరణార్థులకు ఆశ్రయం ఇచ్చిందీ అదే మండపం.

అపోహ: 1964లో పాంబన్ వంతెన మీంచి రైలు సముద్రంలో పడిపోయింది.

ఎక్కువమంది నమ్మేది ఇదే. కానీ రైలు వంతెన మీద లేదు. డిసెంబరు 22 రాత్రి 11:55కి 653 నంబరు ప్యాసింజరు పాంబన్ స్టేషన్ నుంచి ధనుష్కోటికి బయల్దేరింది. పాంబన్ స్టేషన్ వంతెన దాటాక, ద్వీపం మీదే ఉంది. అంటే ఆ బండి వంతెన ఎక్కే అవసరమే లేదు. ఆరు బోగీల్లో 110 మంది ప్రయాణికులు, 5 మంది సిబ్బంది ఉన్నట్టు రైల్వే లెక్క. టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు ఆ లెక్కలోకి రారు. ధనుష్కోటి ఇంకా కొన్ని వందల గజాలు ఉందనగా సిగ్నల్ పనిచేయలేదు. డ్రైవరు ఆగి చూశాడు. ఎంతకీ సిగ్నల్ రాకపోయేసరికి పొడుగ్గా విజిల్ వేసి ముందుకు కదిలాడు. కాసేపట్లోనే ఉప్పెన రైలును ముంచేసింది. ఎవరూ బతకలేదు.

డ్రైవరు తొందరపడ్డాడని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఇసుక తిన్నెకు రెండు వైపులా సముద్రమే. చిమ్మచీకటి, హోరుగాలి. ముందుకు వెళ్లినా, వెనక్కి మళ్లినా, ఉన్నచోటే ఆగినా నీళ్ల మధ్యే. తర్వాతి కాలంలో వంతెన దగ్గర గాలి వేగాన్ని కొలిచే పరికరం పెట్టి సిగ్నల్‌కు కలిపారు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ తనంతట తానే ఎర్రగా మారేది. ఆ రాత్రి ఆ డ్రైవరుకు ఉన్నవి కళ్లూ, విజిలూ మాత్రమే.

అపోహ: తుపానులో వంతెన మొత్తం కూలిపోతే రైల్వే ఇంజినీరు శ్రీధరన్ 46 రోజుల్లో కొత్తది కట్టారు.

46 రోజులన్నది నిజం, కొత్తది కట్టారన్నది కాదు. పట్టాలను మోసే గర్డర్లలో 126 సముద్రంలో పడిపోయాయి. ఓడల కోసం తెరుచుకునే భాగం, అంటే షెర్జర్ స్పాన్ మాత్రం నిలబడింది. మళ్లీ నడిపించడానికి రైల్వే 6 నెలలు గడువు పెడితే, శ్రీధరన్ పైఅధికారి దాన్ని 3 నెలలకు కుదించారు. కొత్త గర్డర్లు చేయించి తెప్పించాలంటే ఆ గడువు చాలదు. పాత గర్డర్లు సముద్రం అడుగున ఫలానా చోట ఉన్నాయని అక్కడి జాలర్లు చెప్పారు. శ్రీధరన్ బృందం వాటిని పైకి తీసి, మళ్లీ స్తంభాల మీదికి ఎక్కించింది. అలలు కొడుతుంటే నీళ్లలోంచి ఒక్క గర్డరు లేపడమే ఎంత టెన్షన్ పని అనేది ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. శ్రీధరన్ గారి పేరు చెప్పినప్పుడల్లా ఆ జాలర్ల సంగతి కూడా చెప్పాలని నా కోరిక.

అపోహ: పాత వంతెన కూడా లిఫ్టులా పైకి లేచేది.

లేదు. షెర్జర్ స్పాన్ రెండు రెక్కలుగా విడిపోయి రెండు పక్కలకూ లేచేది. మనుషులు చేతులతో తిప్పి తెరిచేవారు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనలో మాత్రం 72.5 మీటర్ల స్పాన్ మోటార్లతో నిలువునా 17 మీటర్లు లేస్తుంది.

అపోహ: తుపానుతోనే శ్రీలంక ఓడ ఆగిపోయింది.

ఆగింది ధనుష్కోటి రైలు. పాంబన్ నుంచి ధనుష్కోటి దాకా పోయిన పట్టాలను తిరిగి వేయలేదు, ఊరు కూడా నివాసానికి పనికిరాదని ప్రభుత్వం తేల్చేసింది. స్టీమర్ మాత్రం రామేశ్వరానికి మారి, శ్రీలంకలో యుద్ధం ముదిరేదాకా నడిచింది. రామేశ్వరం–ధనుష్కోటి లైనుకు 2019 మార్చి 1న మళ్లీ శంకుస్థాపన చేశారు. అవతల యుద్ధంలో మూతపడిన తలైమన్నార్ లైనును మన రైల్వే శాఖకు చెందిన నిర్మాణ సంస్థ ఇర్కాన్ తిరిగి వేసింది, 2015 మార్చిలో అది తెరుచుకుంది. అంటే అక్కడి పట్టాలు మళ్లీ రేవు దాకా వచ్చాయి. మన బండి ఇప్పటికీ రామేశ్వరంలోనే ఆగుతుంది.