వెబ్‌సైట్ లేకుండా అఫిలియేట్ మార్కెటింగ్: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో వంటింటి సామాన్ల మీద వీడియోలు చేస్తుంటాను. మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు, ఇనప పెనాలు. నాకు వెబ్‌సైట్ లేదు, పెట్టే ఆలోచనా లేదు. ఆ సామాన్లు దొరికే షాపు లింకులు నా వీడియోలకు జతచేస్తాను, ఆ లింక్ నొక్కి ఎవరైనా కొంటే షాపు నాకు కొంత కమీషన్ ఇస్తుంది. అఫిలియేట్ మార్కెటింగ్ అంటే ఇదే. "అక్కా, మేమూ లింకులు పెట్టి సంపాదించొచ్చా?" అని అడిగేవాళ్లకు విడివిడిగా జవాబు ఇచ్చే కన్నా అన్నీ ఒకచోట రాయడం నయమనిపించింది.

అపోహ: వెబ్‌సైట్ లేకపోతే అసలు తీసుకోరు

తీసుకుంటారు. అమెజాన్ వాళ్ల అఫిలియేట్ ప్రోగ్రామ్ పేరు అమెజాన్ అసోసియేట్స్. దాని అప్లికేషన్‌లో వెబ్‌సైట్ అడ్రస్ అడిగే చోట మీ యూట్యూబ్ ఛానల్, ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ లేదా ఫేస్‌బుక్ పేజీ ఇవ్వొచ్చు. పేజీ మాత్రం అందరికీ కనిపించేలా ఉండాలి. ప్రైవేట్ అకౌంట్ పనికిరాదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. చేరిన 180 రోజుల్లో మీ లింకుల ద్వారా కనీసం 3 అమ్మకాలు జరగకపోతే అకౌంట్ మూసేస్తారు. మూడే కదా అని చాలామంది తమ లింకుతో తామే కొంటారు, లేదా ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి ఆర్డర్ పెడతారు. అవి లెక్కలోకి రావు. దొరికితే అకౌంటే పోతుంది.

అపోహ: లింక్ ఎక్కడ పెట్టినా ఒకటే

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఇన్‌స్టా రీల్ కింద క్యాప్షన్‌లో లింక్ పేస్ట్ చేస్తే అది ఉత్త అక్షరాలే, నొక్కితే ఎక్కడికీ వెళ్లదు. అక్కడ పనిచేసేవి బయోలో (ప్రొఫైల్‌లో మీ పరిచయం రాసే చోట) పెట్టే లింకులు, స్టోరీలో పెట్టే లింక్ స్టిక్కర్. ఒకప్పుడు స్టోరీలో లింక్ పెట్టాలంటే 10,000 మంది ఫాలోవర్లు ఉండాల్సి వచ్చేది. 2021 చివర్లో స్టిక్కర్ అందరికీ ఇచ్చేశారు. బయోలో ఒక్కటే లింక్ అనే రోజులు కూడా 2023లో పోయాయి. ఇప్పుడు ఐదు దాకా పెట్టుకోవచ్చు.

యూట్యూబ్ షార్ట్స్ సంగతి ఇంకోలా ఉంటుంది. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టే లింకులు నొక్కినా తెరుచుకోవు. స్పామ్ తగ్గించడానికి వాళ్లు చేసిన పని అది. అయినా ఈ రోజుకీ షార్ట్ చివర "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది" అని చెప్పేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పాపం, చూసినవాళ్లు వెతికి వెతికి వదిలేస్తారు.

మామూలు పెద్ద వీడియోలో డిస్క్రిప్షన్ లింక్, పిన్ చేసిన కామెంట్ లింక్ రెండూ పనిచేస్తాయి. పైగా ఆ వీడియో యూట్యూబ్ సెర్చ్‌లో నెలల తరబడి దొరుకుతూ ఉంటుంది. రీల్ వేగంగా పాకుతుంది, అంతే వేగంగా చల్లారుతుంది. అందుకే నేను రీల్స్‌ను ఛానల్ పేరు జనానికి తెలియడానికి వాడతాను, అమ్మకాల కోసం పెద్ద వీడియోల మీద కూర్చుంటాను.

ఇంకో ముక్క. అమెజాన్‌లో మీ లింక్ నొక్కిన తర్వాత 24 గంటల్లో కొంటేనే కమీషన్ మీకు వస్తుంది. ఆ లోపు వస్తువును కార్ట్‌లో వేసుకుంటే గడువు ఇంకా పెరుగుతుంది. కాబట్టి "ఎప్పుడో కొంటాలే" అనుకునేవాళ్లకన్నా, మిక్సీ నిన్న కాలిపోయి ఈ రోజు కొత్తది వెతుకుతున్నవాళ్లు చూసే వీడియోకే విలువ.

అపోహ: వాట్సాప్ గ్రూపుల్లో కుమ్మరిస్తే చాలు

ఈమెయిల్, ఎస్సెమ్మెస్, కరపత్రాల ద్వారా లింకులు పంచడాన్ని అమెజాన్ ఒప్పుకోదు. అప్లికేషన్‌లో మీరు చూపించిన పేజీల్లోనే లింకులు ఉండాలంటుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అందులో ఉండదు కదా. ఎర్న్‌కరో లాంటి మధ్యవర్తి యాప్‌లు వాట్సాప్, టెలిగ్రామ్‌లలో పంచుకోవడానికి లింకులు తయారుచేసి ఇస్తాయి. వాటిలో కూడా షాపును బట్టి షరతులు మారతాయి, చదివాకే పంచండి. లూట్ డీల్స్ ఛానళ్లు, అంటే బాగా తగ్గిన ధరల లింకులు వరసగా పెట్టే ఛానళ్లు నడిపేవాళ్లు సంపాదించడం లేదని నేను అనను. కానీ అది పగలూ రాత్రీ ధరలు చూస్తూ కూర్చునే ఉద్యోగం.

అపోహ: ముందు లక్ష మంది ఫాలోవర్లు కావాలి

ఫాలోవర్లు ఎక్కువుంటే మంచిదే. కానీ నవ్వుకోవడానికి వచ్చిన లక్ష మందిలో గ్రైండర్ కొనేవాళ్లు ఎందరుంటారు? "నలుగురున్న ఇంటికి 2 లీటర్ల గ్రైండర్ చాలా?", "750 వాట్ల మిక్సీలో ఎండుమిర్చి కారం మెత్తగా పడుతుందా?", "చట్నీ జార్‌లో కొద్దిగా వేస్తే నలుగుతుందా?" ఇవీ మన ఇళ్లలో నిజంగా వచ్చే ప్రశ్నలు. వీటికి ఇంగ్లీషులో, హిందీలో చేసిన రివ్యూలు జవాబు చెప్పవు. పెసరట్టు పిండి రుబ్బి చూపించిన చిన్న తెలుగు ఛానల్ చెబుతుంది. చూసినవాళ్లు తక్కువే అయినా, వాళ్లు కొనడానికే వచ్చారు.

అపోహ: ఖరీదైన వస్తువు పెడితే కమీషన్ దండిగా వస్తుంది

కమీషన్ శాతం విభాగాన్ని బట్టి మారుతుంది. మొబైల్ ఫోన్ల మీద చాలా తక్కువ, ఇంటి సామాన్లు, బట్టల మీద కాస్త మెరుగు. లెక్క కోసం అనుకుందాం: 15,000 ఫోన్ మీద 1 శాతమైతే 150 రూపాయలు. 3,000 మిక్సీ మీద 5 శాతమైనా అదే 150. ఫోన్ కొనేవాడు పది వీడియోలు చూసి, చివరికి ఎవరి లింక్ నొక్కుతాడో చెప్పలేం. ఈ శాతాలను కంపెనీ ఎప్పుడైనా మార్చుకుంటుంది. పన్నులు, డెలివరీ ఛార్జీలు తీసేశాకే లెక్క కడుతుంది. కొన్నవాళ్లు వస్తువు వాపసు ఇస్తే కమీషన్ కూడా వాపసే. బట్టల లింకులు పెట్టేవాళ్లకు ఈ దెబ్బ బాగా తెలుసు. పండగ సేల్ నెలలో అకౌంట్‌లో కమీషన్ లెక్క చూపించే డ్యాష్‌బోర్డు చూసి మురిసిపోకండి, వాపసులు పోయాక మిగిలిందే మీది.

అపోహ: కమీషన్ వస్తుందని చెబితే ఎవరూ కొనరు

కొంటారు. వాళ్లు కట్టే ధర ఏమీ పెరగదు కదా, ఆ మాట కూడా చెప్పేయండి. అయినా ఇది మన ఇష్టం మీద ఉన్న విషయం కాదు. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. లాభం ముట్టే సంబంధం ఏదున్నా స్పష్టంగా, చూసేవాళ్లకు కనిపించేలా చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాస్తే కుదరదు. తప్పుదారి పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది.

అపోహ: కోర్సు కొంటేనే నేర్చుకోగలం

ఏ పెద్ద షాపు ప్రోగ్రామూ చేరడానికి డబ్బు అడగదు. "ముందు ఈ కోర్సు కొనండి, తర్వాత ఇదే కోర్సును ఇంకొకరికి అమ్మి కమీషన్ తీసుకోండి" అన్నారంటే అక్కడ అమ్ముడయ్యే సరుకు మీరే. డిగ్రీ పిల్లలు అప్పు చేసి మరీ చేరుతున్నారు. చేరాక వాళ్ల స్టేటస్‌లలో మిక్సీలు ఉండవు, కారు ఫొటోలే ఉంటాయి.

అపోహ: లింక్ పెట్టడమే నా పని, తర్వాత ఏమైనా నాకు సంబంధం లేదు

2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. వాటిని ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆ యాప్‌లు కళ్లు తిరిగే కమీషన్ ఇస్తామంటాయి. ఎందుకు ఇవ్వగలుగుతున్నాయో ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు. స్టాక్ టిప్స్ కూడా అంతే, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఫలానా షేరు కొనమని చెప్పే హక్కు మనకు లేదు.

పన్ను గురించి రెండు మాటలు. ఈ కమీషన్ ఆదాయమే, ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించాలి. టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) పట్టుకున్నారంటే పన్ను తీరిపోయిందని కాదు, ముందుగా కొంత కట్టారని అర్థం. పాన్ ఇవ్వకపోతే ఎక్కువ శాతం పట్టుకుంటారు. బ్యాంకు అకౌంట్, పాన్, అఫిలియేట్ అకౌంట్ మూడిటిలో పేరు ఒకేలా ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండి పేమెంట్ ఆగిపోయినవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామందే ఉన్నారు.