తూటా కాదు, అది పడిన చోటు

పాత యుద్ధభూమిలో దొంగలు తవ్విన గుంతలు కనబడినప్పుడల్లా అమెరికాలో ఇదే గొడవ: నేలలో పడున్న పాత తూటాను ఏరుకుంటే తప్పేంటి అని. 2016లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లోనూ ఇంతే. 1860ల అమెరికా అంతర్యుద్ధం నాటి తూటాలు, బొత్తాలు, బెల్టు బిళ్ళలు జనం ఎప్పటినుంచో ఏరుకుంటున్నదే కాబట్టి ఆ కథ వదిలేద్దాం. ఈ గొడవలో అసలు మలుపు మోంటానా రాష్ట్రంలో ఉంది.

1876లో లకోటా, షయాన్ అనే ఆదివాసీ తెగల యోధుల చేతిలో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయిన లిటిల్ బిగ్‌హార్న్ మైదానంలో 1983 ఆగస్టులో గడ్డి తగలబడి నేల బయటపడింది. మరుసటి ఏడాది పురావస్తు పరిశోధకులు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అక్కడ సర్వేకు దిగారు, అదీ మెటల్ డిటెక్టర్లతో! అప్పటిదాకా చాలామంది పురావస్తు పరిశోధకుల దృష్టిలో అది దొంగల పనిముట్టు. దాన్ని బాగా వాడటం తెలిసిన అభిరుచిపరులనే వాలంటీర్లుగా పిలిచారు. వాళ్ళు వరసగా నడుస్తూ, డిటెక్టర్ కూత పెట్టిన చోటల్లా చిన్న జెండా గుచ్చారు. కొలతలు రాసుకునేదాకా వస్తువును కదిలించలేదు.

తూటా పేలినప్పుడు ఫైరింగ్ పిన్ దాని గొట్టం అడుగున చిన్న నొక్కు వేస్తుంది. ఏ తుపాకీ నొక్కు దానిదే. మైక్రోస్కోప్ కింద ఆ నొక్కులు పోల్చి, దొరికిన చోట్లను కలిపితే, ఒక్కో తుపాకీ ఏ గుట్ట మీంచి ఎటు కదిలిందో బయటపడింది. సైనికుల వరస ఎక్కడ చెదిరిందో కూడా. వందేళ్ళుగా ఎవరూ పెద్దగా పట్టించుకోని లకోటా, షయాన్ల మాటలకు బలం చేకూరింది. ఎవరో ముందే నాలుగు గొట్టాలు జేబులో వేసుకుపోయి ఉంటే ఆ మేరకు దారి తెగిపోయేదే.

సేకరణదారుల వాదనా ఉంది: నాగలి, ఎరువులు ఎలాగూ పాడుచేస్తాయి, మేం కాపాడుతున్నాం అని. దున్నే పొలాల్లో అది నిజమే. యుద్ధభూమిని కాపాడే ప్రభుత్వ పార్కులో నాగలి తిరగదు కదా! 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టంలో, పురావస్తు వనరు కాని తూటాను సొంతానికి ఏరుకోవచ్చనే వాక్యం ఉంది. దాన్నీ చూపిస్తుంటారు. కానీ అదే చట్టం వందేళ్ళు దాటి, పరిశోధనకు పనికొచ్చే వస్తువును వనరు అంటుంది. అంతర్యుద్ధంలో, 1864లో పేలిన తూటా ఎటు చేరుతుందో వేరే చెప్పాలా?

చిక్కంతా ఈ చట్టం కేంద్ర ప్రభుత్వ, గిరిజన భూములకే పరిమితం కావడం. పార్కు కంచె దాటితే, యజమాని ఒప్పుకుంటే, అదే పోరులో పడ్డ తూటాను తవ్వుకోవడం సాధారణంగా నేరం కాదు.