పిల్లల 'ఎందుకు?' ప్రశ్నలు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో, మైపాడు తీరానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్లను దింపడానికి వచ్చే పెద్దవాళ్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఒకటే: "టీచర్, వీడు ప్రశ్నలతో ప్రాణం తీస్తున్నాడు."

అపోహ: అడిగిందే అడుగుతున్నాడంటే మొండితనం.

వాస్తవం: చాలాసార్లు మనం చెప్పింది జవాబు కాకపోవడమే కారణం. మా ఊరి చుట్టూ రొయ్యల గుంటలే. వాటిలో నీళ్లు చిమ్మే ఏరేటర్లను చూసి ఓ పిల్లవాడు, "ఆ ఫ్యాన్లు ఎందుకు తిరుగుతున్నాయి నాన్నా?" అన్నాడు. "కరెంటుంది కాబట్టి" అన్నాడు తండ్రి. వాడు మళ్లీ "ఎందుకు?" అన్నాడు. అడగడా మరి! "రొయ్యలకూ గాలి కావాలి నాయనా. నీళ్లను అలా ఎగరగొడితే గాలి నీళ్లలో కలుస్తుంది, రొయ్యలు దాన్ని పీల్చుకుంటాయి" అని నేను చెప్పాక వాడు కాసేపు ఆగి, "మరి రాత్రి కూడా తిప్పుతారెందుకు?" అన్నాడు. ఇది పాత ప్రశ్న కాదు, ఒక మెట్టు పైది. పగలు ఎండకు నీళ్లలోని పచ్చటి పాచి (రైతులు ప్లాంక్టన్ అంటారు) ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఇవ్వకపోగా అదీ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఈ సంగతి రైతుగా నాకంటే ఆ తండ్రికే బాగా తెలుసు. కొడుక్కి చెప్పొచ్చన్న ఆలోచనే రాలేదంతే.

2009లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలోనూ ఇదే కనిపించింది. కారణం చెబితే పిల్లలు ఒప్పుకుంటారు, లేదా దాని మీద ఇంకో ప్రశ్న వేస్తారు. కారణం చెప్పకుండా దాటేస్తే మొదటి ప్రశ్నే మళ్లీ అడుగుతారు, లేకపోతే సొంతంగా ఓ కారణం అల్లుకుంటారు.

అపోహ: నాలుగేళ్ల బిడ్డకు నిజం ఎక్కడ అర్థమవుతుంది? ఏదో ఒకటి చెప్పి పంపేయాలి.

వాస్తవం: నిజాన్ని రెండు ముక్కల్లో చెబితే చాలు. పులికాట్‌లో ఫ్లెమింగోలను చూసొచ్చిన పాప అవి గులాబీ రంగులో ఎందుకున్నాయని అడిగింది. తినే తిండి వల్ల అని చెప్పాను. అవి తినే నాచులో, బుల్లి రొయ్యల్లో ఉండే రంగే ఈకలకు పడుతుంది. వాటి పిల్లలైతే బూడిదరంగులోనే ఉంటాయి. పాప తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నేను రోజూ బీట్‌రూట్ తింటే?" అంది. ఇంతకంటే అర్థం కావడమంటే ఏముంటుంది?

బూచోడొస్తాడని నోరు మూయించడం మాత్రం మానేయండి. అడిగితే భయపెడతారన్న సంగతి ఒక్కటే పిల్లలకు మిగులుతుంది.

అపోహ: చదువుకోని తల్లి ఏం చెప్పగలదు?

వాస్తవం: నాట్లకు వెళ్లే అమ్మకు నారు ఎందుకు పీకి మళ్లీ నాటతారో తెలుసు. ఉప్పు చేప ఎందుకు చెడిపోదో అవ్వకు తెలుసు. తెలియనిది వస్తే "నాకూ తెలియదు, చూద్దాం రా" అంటే పరువేమీ పోదు. నేను రోజూ అంటూనే ఉంటాను.

అపోహ: ఏమీ అడగని పిల్లలు బుద్ధిమంతులు.

వాస్తవం: కొందరు మాటల్లో అడగరు. వేలు పెట్టి చూపిస్తారు, మూత విప్పి చూస్తారు. అవీ ప్రశ్నలే. కాకపోతే రెండేళ్లు నిండినా "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలిపి అనలేకపోతుంటే డాక్టరుకు చూపించండి. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే" అని ఆగొద్దు.

అపోహ: ఫోన్ ఇస్తే అన్నీ అదే నేర్పుతుంది.

వాస్తవం: వీడియో వీడి ప్రశ్న వినదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి చూడండి, సాంబారులో మునక్కాయ మీదే నాలుగు ప్రశ్నలొస్తాయి.