గోధుమను మింగిన ఉప్పు

నైలు ఎడారిలో పారే నది. యూఫ్రటీస్ కింది భాగమూ దాదాపు ఎడారే. మరి ఈజిప్టు రైతు వేల ఏళ్లు అవే పొలాల్లో గోధుమ పండించుకుంటే, సుమేరియా రైతు గోధుమ మానేసి బార్లీకి ఎందుకు మారిపోయాడని ఒక పాఠకుడు అడిగారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ‘నాగరికతలు నదీతీరాల్లో వెలిశాయి’ అని స్కూల్లో బట్టీ పట్టిస్తారు గానీ, పొలంలోకి వచ్చిన నీళ్లు ఆ తర్వాత ఎటు పోతాయో ఎవరూ చెప్పరు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

సుమేరియా అంటే ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగం. రాయి లేదు, లోహం లేదు, మంచి కలప లేదు. ఉన్నది ఒండ్రుమట్టి, రెల్లు, టైగ్రిస్, యూఫ్రటీస్ అనే రెండు నదులు. రాగి ఒమాన్ వైపు నుంచి, నీలి రంగు లాపిస్ రాయి అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ నుంచి, ఎర్ర కార్నీలియన్ పూసలు సింధు లోయ నుంచి రావాలి. బదులుగా ఇవ్వడానికి వాళ్ల దగ్గరున్నవి ధాన్యం, ఉన్ని బట్టలు. సుమేరియా నగరమైన ఊర్ రాణి మెడలోని హారమైనా చివరికి పొలం పెట్టిన భిక్షే.

ఆ పొలానికి వచ్చిన జబ్బు చౌడు. కాలువ కింద పల్లపు భూములు సాగుచేసినవాళ్లకు అదేమిటో నేను చెప్పక్కర్లేదు.

నది నీళ్లు తియ్యగానే ఉంటాయి కానీ వాటిలో ఎంతోకొంత ఉప్పు కరిగే ఉంటుంది. లీటరుకు అర గ్రాము అనుకుందాం. హెక్టారు పొలానికి పంటకాలం మొత్తమ్మీద అర మీటరు లోతు నీళ్లు పెడితే 50 లక్షల లీటర్లు. అంటే రెండున్నర టన్నుల ఉప్పు, 50 కిలోల బస్తాల్లో 50 బస్తాలు, ఒక్క పంటకే! నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. వాన కడిగేస్తుందా అంటే అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడదు.

అంతటితో అయిపోలేదు. ఇంకిన నీరు కింద చేరి భూగర్భ జలమట్టాన్ని పైకి లేపుతుంది. అది మీటరు, మీటరున్నర లోతుకు వచ్చిందంటే మట్టి దీపం వత్తిలా పనిచేస్తుంది. వత్తి నూనెను పీల్చినట్టు సన్నటి మట్టి రంధ్రాలు ఉప్పునీటిని పైకి పీలుస్తాయి. పైన మంట బదులు ఎండ. ఇసుక నేల వదులుగా పేనిన వత్తి, ఎక్కువ ఎత్తుకు లాగలేదు. ఒండ్రు నేల బిగుతు వత్తి, బాగా లాగుతుంది. నూనె ఉన్నంతసేపూ దీపం వెలిగినట్టే, కింద నీరు అందినంతకాలం పొలం తెల్లబడుతూనే ఉంటుంది. దీన్ని ఆపాలంటే ప్రమిదలో నూనె తగ్గించాలి, అంటే మురుగు కాలువ తవ్వాలి. కానీ ఎక్కడికని తవ్వుతారు? బాగ్దాద్ సముద్రమట్టానికి 34 మీటర్ల ఎత్తులో ఉంది, సముద్రమేమో 500 కిలోమీటర్ల అవతల. కిలోమీటరుకు ఏడు సెంటీమీటర్ల వాలు కూడా లేదు. పైగా తెచ్చిన ఒండ్రును తన గట్ల మీదే పేర్చుకుంటూ నది పొలాలకన్నా ఎత్తున పారుతుంది.

ఉప్పులోని సోడియం బంకమట్టికి అంటుకున్న కాల్షియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. మట్టి రేణువులు విడిపోయి రంధ్రాలు పూడిపోతాయి. ఇక కడుగుదామన్నా నీళ్లు దిగవు. వేరు చుట్టూ ఉప్పు పెరిగేకొద్దీ వేరు నీటిని లాగే ఆస్మాసిస్ ఎదురు తిరుగుతుంది, తడి నేలలోనే మొక్క దాహంతో చస్తుంది. నేల ఉప్పదనం మీటరుకు 6 డెసిసీమెన్స్ (ఉప్పదనాన్ని కొలిచే ప్రమాణం) దాటితే గోధుమ దిగుబడి తగ్గడం మొదలవుతుంది. బార్లీ 8 దాకా తట్టుకుంటుంది. సుమేరియా రైతుకు ఈ అంకెలు తెలియవు, గింజ రాలడం తెలుసు.

మట్టి పలకల మీది పాత లెక్కలను, పాత కుండల మీద పడ్డ గింజల అచ్చులను జాకబ్‌సెన్, ఆడమ్స్ అనే పరిశోధకులు 1958లో కూర్చి చూపించారు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ సరిసమానం. 2500కి గోధుమ ఆరో వంతు. 1700 నాటికి దాదాపు సున్నా. హెక్టారుకు 2,537 లీటర్ల దిగుబడి 897కి పడిపోయింది. కొలతల లెక్క దగ్గర మార్విన్ పావెల్ లాంటి పరిశోధకులు 1985లో గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఈ అంకెలు అటూ ఇటూ అయినా ఉప్పు మాత్రం కట్టుకథ కాదు. సుమేరియా నగరమైన లగాష్ రాజు ఎంతెమెన కథ నాకు మరీ నచ్చుతుంది. ఎగువనున్న ఉమ్మా నగరంతో నీటి తగాదా తెగక, క్రీ.పూ. 2400 ప్రాంతంలో టైగ్రిస్ నుంచే కాలువ తవ్వించాడు. నీళ్లకు కరువు తీరింది. ఆ ధారాళమైన నీళ్లే జలమట్టాన్ని లేపాయని జాకబ్‌సెన్ వాదన.

అక్కడివాళ్లు మాత్రం నెపం దేవుడి మీదకు నెట్టారు. మనుషుల గోలకు నిద్రపట్టక ఎన్లిల్ దేవుడు శిక్షిస్తే నల్లటి పొలాలు ఉప్పుతో తెల్లబడ్డాయని అక్కడి పురాణమైన అత్రహాసిస్ గాథ. చూసింది కరెక్టే, కారణమే తప్పు!

ఈజిప్టుకు ఈ తిప్పలు ఎందుకు లేవంటే, నైలు వరద ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చేది. పొలాలను ముంచి, ఉప్పును కడిగి, తీసేటప్పుడు సముద్రానికి మోసుకుపోయేది. ఆ తడి మీదే విత్తనం పడేది. టైగ్రిస్, యూఫ్రటీస్ వరదలు ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా కోతల మీదకొచ్చి పడేవి. ఆ వరదను పొలంలోకి రానివ్వకుండా గట్టు వేసుకోవడమే పని. నైలు వరదను 1970లో పూర్తయిన అస్వాన్ హై డ్యామ్ ఆపేసింది. అప్పటినుంచి ఈజిప్టు కూడా లక్షల ఎకరాల్లో భూమిలోపల మురుగు గొట్టాలు వేసుకోవాల్సి వచ్చింది.

సుమేరియా నేల మీద ఆ ఉప్పు తర్వాత కూడా పోలేదు. తొమ్మిదో శతాబ్దంలో దక్షిణ ఇరాక్‌లోని బస్రా దగ్గర ఆ ఉప్పు పొరను గీకి గుట్టలు పోయడానికి తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను పెట్టారు. వాళ్లు 869లో తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచడానికి అప్పట్లో పాలిస్తున్న అబ్బాసిద్ ఖలీఫాలకు 14 ఏళ్లు పట్టింది.