విక్టోరియా కాలం పిచ్చాసుపత్రులు: అపోహలు - వాస్తవాలు

ఉత్తర ఇంగ్లండులో ఒక రికార్డుల భాండాగారంలో పనిచేస్తున్నాను. 19వ శతాబ్దపు మానసిక వైద్యశాలల కేస్‌బుక్కులు, అంటే ఒక్కో రోగి వివరాలు రాసుకున్న పుస్తకాలు, చూసుకోవడం నా పని. తోలు అట్టల బరువైన పుస్తకాలు అవి. తమ ముత్తవ్వ పేరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో చాలామంది పుస్తకం తెరవకముందే ఒక ప్రశ్న అడుగుతారు: "ఆవిడను గొలుసులతో కట్టేశారా?" దెయ్యాల సినిమాలు చూపించిన భయం అది. అందుకే రోజూ నోటితో చెప్పే జవాబుల్ని ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: రోగుల్ని గొలుసులతో గోడకు కట్టేసేవారు.

గొలుసులు నిజమే. కానీ అవి అంతకుముందు తరం నాటివి. లండన్ బెత్లెం ఆసుపత్రిలో జేమ్స్ నోరిస్ అనే మనిషిని ఏళ్ల తరబడి ఇనుప పట్టీల్లో బంధించి ఉంచారని 1814లో బయటపడి దేశమంతా అట్టుడికింది. విక్టోరియా రాణి సింహాసనమెక్కింది 1837లో. 1838 నాటికే లింకన్ పట్టణంలోని మానసిక ఆసుపత్రిలో రాబర్ట్ గార్డినర్ హిల్ అనే వైద్యుడు రోగుల్ని కట్టేయడం పూర్తిగా మాన్పించాడు. 1839లో లండన్ శివారు హాన్‌వెల్‌కు వచ్చిన డాక్టర్ జాన్ కొనొలీ, వందల మంది రోగులున్న పెద్ద ఆసుపత్రిలోనూ అది సాధ్యమేనని చేసి చూపించాడు.

అలాగని లోపల అంతా చల్లగా ఉండేదని చెప్పను. ఒంటరి గదులు ఉండేవి. 1869లో క్లోరల్ హైడ్రేట్ నిద్రమందుగా వాడుకలోకి వచ్చాక, కట్లు చేసే పని కొంత ఆ సీసా చేసింది. కరెంటు షాకు, మెదడు కోసే లోబోటమీ మాత్రం 1930ల నాటివి. అవీ అవే భవనాల్లో జరిగాయి కాబట్టి జనం రెండు కాలాల్నీ కలిపేస్తున్నారు.

అపోహ: నవలలు చదివినా పిచ్చాసుపత్రిలో పడేసేవారు.

"చేర్చుకోవడానికి కారణాలు" అంటూ ఫోన్లలో తిరిగే ఒక జాబితా మీరూ చూసే ఉంటారు. నవలలు చదవడం, దుఃఖం, గుర్రం తలమీద తన్నడం, ఇలా సాగుతుంది. అసలు అది ఇంగ్లండుది కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం వెస్టన్ ఆసుపత్రి రిజిస్టర్లలోంచి, 1864-1889 మధ్య రాతల నుంచి ఏరినది. పైగా అవి చేర్చుకోవడానికి పెట్టుకున్న నిబంధనలూ కావు.

ఇక్కడి రిజిస్టర్లలోనూ అలాంటి గడి ఒకటి ఉంటుంది: "అనుకుంటున్న కారణం." రోగిని తెచ్చినవాళ్లు ఏం చెబితే అది అందులో రాసుకునేవారు. మన ఊళ్లలో "బిడ్డ పోయిన దిగులుతో దానికి మతి చలించింది" అంటారే, అలాంటి మాట. జబ్బు వివరం వేరే గడిలో ఉంటుంది. నేను ఎక్కువగా చూసేవి ఉన్మాదం, మెలంకోలియా (తీవ్రమైన దిగులు జబ్బు), మూర్ఛ, ప్రసవం తర్వాత వచ్చే మతిభ్రమ, ముసలితనపు మతిమరుపు, సిఫిలిస్ మెదడుకెక్కి వచ్చే పక్షవాతం. ఈ చివరిది వచ్చినవాళ్లు మామూలుగా కొన్నేళ్లలోనే చనిపోయేవారు. అప్పటికి దానికి మందు లేదు. ఈ పేజీలు చదువుతున్నప్పుడు నాకు ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. నడివయసులోనే అన్నీ మరిచిపోయిన మనిషి భార్య పేరు ఒక్కటే పలికాడని రాసి ఉంటుంది. అలాంటి బతుకుల మీద నవ్వుకునే జాబితా తిరగడం నాకు కష్టంగా ఉంటుంది.

అపోహ: భార్యను వదిలించుకోవాలంటే భర్త సంతకం చాలు.

ఇలాంటి కేసులు ఉన్నాయి. 1858లో అప్పటి వలస వ్యవహారాల మంత్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ తన భార్య రొసీనాను ఒక ప్రైవేటు గృహంలో పెట్టించాడు. పత్రికలు గోల చేయడంతో కొన్ని వారాల్లోనే ఆమె బయటికొచ్చింది. ఇలాంటి రచ్చల వల్లే 1890 చట్టం డబ్బు కట్టే రోగులకు కూడా మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి చేసింది. అయితే అవి డబ్బున్నవాళ్ల కథలు. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆసుపత్రులకు చేరినవాళ్లలో అత్యధికులు పేదలు. పేదల సహాయం చూసే రిలీవింగ్ ఆఫీసరు కబురు, డాక్టరు సర్టిఫికెట్టు, మేజిస్ట్రేటు సంతకం, ఇదీ వాళ్ల దారి. ఆడవాళ్లు, మగవాళ్లు దాదాపు సమానంగా ఉండేవారు. మగవాళ్ల కంటే ఎక్కువ కాలం బతకడం వల్ల ఆడవాళ్ల లెక్క కాస్త పైన ఉండేది.

ఆసుపత్రుల్లో పేదలు పెరగడం వెనక డబ్బు కూడా ఉంది. 1874 నుంచి ఆసుపత్రిలో ఉన్న ఒక్కో పేద రోగికి వారానికి 4 షిల్లింగుల చొప్పున ప్రభుత్వం స్థానిక పేదల సహాయ సంఘాలకు ఇచ్చింది. దాంతో వర్క్‌హౌసుల్లో, అంటే దిక్కులేని పేదల్ని ఉంచే గృహాల్లో, ఉన్న ముసలివాళ్లనీ, మందబుద్ధులనీ ఇటు పంపడం లాభసాటి అయింది. వార్డులు కిక్కిరిసిపోవడానికి అది ఒక కారణం. 1850లో కౌంటీ ఆసుపత్రికి సగటున 300 మంది ఉంటే, 1900 నాటికి వెయ్యికి దగ్గరయ్యారు.

అపోహ: లోపలికి వెళ్తే శవంగానే బయటికి.

డిశ్చార్జి రిజిస్టర్లు వేరే మాట చెబుతాయి. చేరినవాళ్లలో చెప్పుకోదగ్గ భాగం ఏడాదిలోపే ఇంటికి వెళ్లారు. ప్రసవం తర్వాత మతి చలించిన తల్లులు చాలామంది కోలుకున్నారు. కోలుకోనివాళ్లు అక్కడే ఉండిపోవడంతో ఏటేటా పేరుకుపోయి, చూసేవాళ్లకు వాళ్లే కనబడ్డారు.

అపోహ: జనం కంట పడకుండా దూరంగా కట్టి, ఊరితో సంబంధం తెంచేశారు.

దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1845 చట్టం ప్రతి కౌంటీ ఒక మానసిక ఆసుపత్రి కట్టాల్సిందేనంది. స్థలం మెరకగా ఉండాలి, మంచి నీళ్లుండాలి, కిటికీలోంచి చూస్తే మనసుకు హాయిగా ఉండాలి, సాగుకు భూమి ఉండాలి. అంత జాగా చవగ్గా దొరికేది పట్నం వెలుపలే. ప్రహరీ దగ్గర కూడా ఒక ఉపాయం ఉంది: లోపలి వైపు కందకం తవ్వి, గోడను ఆ పల్లంలోంచి లేపేవారు. దూకడానికి ఎత్తు, చూడ్డానికి పొట్టి. అవతలి పొలాలు రోగులకు కనిపిస్తూనే ఉండేవి.

ఆసుపత్రి వస్తే దాని వెంట ఊరూ పెరిగేది. అటెండెంట్లు, నర్సులు, వంటవాళ్లు, బాయిలర్ మనుషులు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లలకు బడి. మాంసం, పిండి, బొగ్గు కాంట్రాక్టులకు చుట్టుపక్కల వ్యాపారులు టెండర్లు వేసేవారు. ప్రెస్టన్ దగ్గర విటింగమ్ ఆసుపత్రి 1873లో మొదలైతే, 1889లో దానికి సొంత రైలు వచ్చింది. గ్రిమ్సార్ నుంచి రెండు మైళ్లు. బొగ్గు తెచ్చే ఆ రైల్లో ఉద్యోగులూ, చూడవచ్చే బంధువులూ టికెట్టు లేకుండా ఎక్కేవారు. 1957 దాకా నడిచింది.

క్రికెట్ మైదానం లేని ఆసుపత్రి అరుదు. చుట్టుపక్కల ఊళ్ల జట్లు వచ్చి ఆడేవి. వుస్టర్ దగ్గర పోవిక్ ఆసుపత్రిలో శుక్రవారం నృత్యాలకు సిబ్బంది బ్యాండు వాయించేది. 1879 నుంచి 1884 దాకా ఆ బ్యాండ్‌మాస్టర్ ఎడ్వర్డ్ ఎల్గార్. తర్వాత ఇంగ్లండు గర్వంగా చెప్పుకున్న ఆ సంగీతకారుడు రోగుల కాళ్లకు తగ్గట్టు పోల్కాలు (హుషారైన నృత్య బాణీలు) కట్టాడు.

ఊరు మోసిన బరువూ ఉంది. 1851లో లండన్ ఉత్తరాన తెరిచిన కోల్నీ హాచ్ ఆసుపత్రి పేరు నగరమంతటా తిట్టుగా మారింది. మన దగ్గర "ఎర్రగడ్డకి పంపాలి" అన్నట్టే. చుట్టుపక్కలవాళ్లు ఆ పేరు వదిలించుకోవాలని చూశారు. అదే పేరుతో మొదలైన రైల్వే స్టేషను ఇప్పుడు న్యూ సౌత్‌గేట్. అప్పటి రోగుల వార్డులు ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు.

ఎవరూ తీసుకెళ్లని శవాలు ఆసుపత్రి శ్మశానానికే వెళ్లేవి. యార్క్‌షైర్‌లో మెన్‌స్టన్ ఊరి పక్కన 1888లో తెరిచిన హై రాయిడ్స్ ఆసుపత్రి శ్మశానంలో 2,800 మందికి పైగా ఉన్నారు. ఊరివాళ్లు పూనుకుని ఆ చోటును బాగుచేసి స్మారక తోటగా మార్చారు. ముత్తవ్వను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు నన్ను చివరికి అడిగేదీ అదే, ఎక్కడ పూడ్చారని. ఖనన రిజిస్టరులో వరస, గుంట నంబరు ఉంటాయి. అవి కాగితం మీద రాసి ఇస్తాను. కొందరు అటునుంచి అటే పూలు కొనుక్కుని వెళ్తారు.